రాలిన పువ్వు దగ్గరే మొదలు

(ఆగస్టు చివరి ఆదివారం పర్లాకిమిడిలో పూల రైతులు, పెరట్లో మొక్కలు పెంచుకునేవాళ్ళు కలిసిన చోట, రిటైరైన ఒక వృక్షశాస్త్రం మాస్టారు చేసిన ప్రసంగానికి పాఠం ఇది. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అమ్మలకీ, అయ్యలకీ నమస్కారం.

పొద్దున్నే ఇక్కడికి వస్తూ మహేంద్రతనయ నది గట్టు పక్కన ఒక బంతి మడి దగ్గర ఆగాను. ఆ రైతును అడిగి ఈ ఆకు కోసుకొచ్చాను. ముందు ఇది మీ చేతుల్లో తిరగాలి. వెనక వరసలో కూర్చున్న అమ్మల దాకా వెళ్ళాలి. పైపైన చూసి పక్కవాళ్ళకి ఇచ్చేయకండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. గోధుమరంగు మచ్చ ఉంది కదా, ఆ మచ్చ లోపల చూడండి. కోసిన దుంగ మీద కనిపించే గీతల్లా ఒకదానిలో ఒకటి వలయాలున్నాయి. చుట్టూ సన్నటి పసుపు అంచు. ఆకు కొస అయితే నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయింది.

దీన్నేమంటారు అని ఆ రైతును అడిగితే "తెగులు మాస్టారూ" అన్నాడు. పక్క మడిలో ఉన్న ఒరియా ఆయన్ని అడిగితే ఆయనా 'గెండుకి రోగం', అంటే బంతికి రోగం, అనే అన్నాడు. ఇంకొకావిడ "మంచు పట్టింది" అంది. వాళ్ళు చెప్పింది తప్పని నేననను. కానీ జ్వరం వచ్చిన పిల్లాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటే ఆయన ఏ మందు రాస్తాడు? ఏ మచ్చ, ఎక్కడ మొదలైంది, ఎటు పాకుతోంది అని చెప్పగలగాలి. దానికి ఇంగ్లీషు పేర్లు అక్కర్లేదు. ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు, జనం మాట్లాడే భాషలోనే చదువు సాగాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు. ఈ వారంలోనే ఆయన ఊళ్ళో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి, మొక్కల జబ్బులకి మన కంటికి కనిపించే పేర్లే పెట్టుకుందాం. మీ చేతిలో ఉన్నదాన్ని వలయాల మచ్చ అనుకోండి. దాని అసలు పేరు ఆల్టర్నేరియా. అదొక బూజు జాతి. పుస్తకాల్లో శిలీంద్రం అంటారు.

ఈ బూజు ఎలా బతుకుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. మచ్చ మీద ముదిరిన చోట నల్లగా మసి అంటుకున్నట్టు ఉంటుంది. చూపుడు వేలితో రాస్తే వేలికి అంటుతుంది. అవి విత్తనాల్లాంటివి, సిద్ధబీజాలంటారు. గాలికి లేస్తాయి, వాన చినుకు పడితే చిట్లి పక్క ఆకు మీద పడతాయి. పడ్డంత మాత్రాన మొలకెత్తవు. ఆకు మీద నీళ్ళుండాలి. కొన్ని గంటలపాటు ఆకు తడిగా ఉంటేనే ఆ బీజం మొలిచి, వేరు లాంటి పోగు పంపి, ఆకు లోపలికి దూరుతుంది. ఎండకి ఆకు త్వరగా ఆరిపోతే అది లోపలికి దూరలేదు. అందుకే మన దగ్గర భాద్రపదం నుంచి కార్తీకం దాకా దీనికి పండగ. వాన, ఆ తర్వాత మహేంద్రగిరి మీంచి దిగే మంచు, పొద్దున తొమ్మిదింటిదాకా ఆరని ఆకులు. మంచు పట్టింది అన్న ఆవిడ మాటలో అందుకే నిజముంది. మంచు దానంతట అది జబ్బు కాదు, జబ్బుకి తలుపు తీసేది అదే.

ఇంకో జాతి ఉంది, బోట్రైటిస్. బూడిదరంగు నూగులా వస్తుంది. అది ఆకు మీద కన్నా పువ్వు మీదే ఎక్కువ పడుతుంది. విచ్చుకున్న బంతి పువ్వు లోపలి రేకలు తడిసి ముద్దయి, గోధుమరంగుకి తిరిగి, మీద బూడిద నూగు లేస్తుంది. చలి, తేమ రెండూ కలిసినప్పుడు, అంటే సంక్రాంతి చామంతుల మీద దీని దెబ్బ ఎక్కువ. చామంతికి మరొకటి, సెప్టోరియా. అడుగు ఆకుల్లో నల్లమచ్చగా మొదలై నిచ్చెన ఎక్కినట్టు పైకి వస్తుంది. పై కొమ్మలు పచ్చగా ఉన్నాయి కదా అని మనం అడుగు వైపు చూడం. పువ్వు వచ్చేటప్పటికి మొక్క సగం బోడిగా నిలబడుతుంది.

ఇప్పుడు నా తోటలో జరిగినది చెబుతాను. ఆ నష్టం నాకు ఇంకా గుర్తుంది.

2018లో మా పెరటి వెనక ఐదు సెంట్లలో బంతి వేశాను. ఆగస్టులో నారు నాటాను, దసరాకి కోతకి రావాలని. మొగ్గలు నిండుగా వచ్చాయి. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. మన గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో, కొండచరియలు పడి ఎందరు పోయారో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని ముందు నా పూల సంగతి ఎంత! అయినా అప్పుడు నేర్చుకున్నది చెప్పాలి. రెండు మూడు రోజులు ఆకులు ఆరలేదు. కొమ్మలు విరిగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వారం తిరిగేసరికి ఆకుల మీద మచ్చలు. దసరా ముందు హడావుడి, టెన్షన్. ఊళ్ళో ఒక మందుల షాపుకి పరిగెత్తాను. "తెగులు" అన్నాను. షాపతను తెల్లపొడి ఇచ్చాడు. ఐదు రోజులకొకసారి చొప్పున మూడుసార్లు కొట్టాను. మచ్చలు ఆగలేదు. దీపావళికి ఒక్క మూర దండకి పువ్వు మిగల్లేదు.

ఆ తెల్లపొడి కార్బెండజిమ్. చాలా తెగుళ్ళకి మంచి మందే. కానీ వలయాల మచ్చ తెచ్చే ఆల్టర్నేరియా మీద అది పనిచేయదు. దాని మీద పనిచేసేది పసుపురంగు పొడి, మాంకోజెబ్, లేదా రాగి మందులు. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పిన మనిషిని, ఆ రోజు ఆకును చేతిలోకి తీసుకుని చూడలేదు. చూసుంటే వలయాలు కనిపించేవి. షాపతన్ని నేను అననేలేదు. నేను తెగులు అన్నాను, అతను తెగులు మందు ఇచ్చాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక అలవాటు. అనుమానం వచ్చిన ఆకునో పువ్వునో కోసి, కొంచెం తడిపిన కాగితంతో పాటు పాలిథీన్ కవరులో పెట్టి, గాలి ఊది ముడివేసి, నీడలో పెడతాను. రెండు రాత్రులు గడిచాక విప్పుతాను. లోపల తేమకి బూజు బయటికి వస్తుంది. నల్లటి మసిలా వస్తే ఆల్టర్నేరియా. బూడిద నూగు అయితే బోట్రైటిస్. మచ్చలో గుండుసూది మొనంత నల్ల చుక్కలు బయటపడితే సెప్టోరియా. ఏమీ రాకపోతే బూజు కాకపోవచ్చు, అప్పుడు వేరే వైపు చూడాలి. ఖర్చు ఒక్క కవరు. మా మనవరాలు తొమ్మిదేళ్ళ పిల్ల, ఇప్పుడు ఆ పని తనే చేస్తుంది.

మొక్క మొత్తం ఒక్కసారిగా వాలిపోయిందనుకోండి, అప్పుడు ఆకు కాదు, మొదలు చూడాలి. మట్టికి ఆనుకున్న చోట తెల్లగా దూదిలాంటి బూజు, దాని మధ్య ఆవగింజలంత గోధుమరంగు గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం. లిల్లీలో, చామంతిలో, మల్లె మొదళ్ళలో కూడా వస్తుంది. అమెరికాలో ఫ్లోరిడాలో రోల్ఫ్స్ అనే ఆయన 1892లో టమాటాల మీద దీన్ని గమనించాడు, ఆయన పేరు మీదే దాన్ని స్క్లెరోషియం రోల్ఫ్సీ అంటారు. ఆ ఆవగింజలు మట్టిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. పీకేసిన మొక్కను గట్టు మీద పడేస్తే వచ్చే ఏడాదికి విత్తనం మనమే దాచినట్టు. మొక్కను చుట్టూ మట్టితో సహా తవ్వి తీసి కాల్చాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది. వాలిన కాండాన్ని కోసి గాజుగ్లాసులో నీళ్ళలో వేలాడదీయండి. కోసిన చోట నుంచి పాలలాంటి దారం కిందికి దిగితే అది బూజు కాదు, బాక్టీరియా. దానికి ఈ పొడులేవీ పనిచేయవు.

"చిన్న మచ్చకి ఇంత గొడవెందుకు" అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. 1942లో బెంగాల్లో వరి మీద గోధుమరంగు మచ్చ తెగులు విరుచుకుపడింది. మరుసటి ఏడాది కరువులో లక్షల మంది చనిపోయారు. యుద్ధం, ధరలు, అప్పటి పాలకుల నిర్లక్ష్యం, ఇవన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఆ మచ్చ తెగులు పాత్ర కూడా పెద్దదేనని ఎస్.వై. పద్మనాభన్ గారు 1973లో రాశారు. ఆయన పనిచేసింది మన కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో. 1946లో ఆ కేంద్రం పెట్టడానికి ఆ కరువే ప్రేరణ. వరిని కొట్టిన ఆ బూజు, మీ చేతిలో ఉన్న ఆకు మీది బూజు ఒక కుటుంబంలోవే. పువ్వు పోతే ఎవరూ ఆకలితో చావరు, నిజమే. కానీ పూలమ్మి పిల్లల ఫీజు కట్టే ఇల్లు ఎన్ని లేవు ఈ చుట్టుపక్కల? అక్కడ బంతి మడి పోవడం చిన్న విషయం కాదు.

ఇక మందుల సంగతి. మాంకోజెబ్ లీటరు నీటికి రెండున్నర గ్రాములు. పది లీటర్ల ట్యాంకుకి పాతిక గ్రాములు. చెంచాతో అంచనా వేయకండి, ఒకసారి కిరాణా కొట్లో తూకం వేయించుకుని ఎంత వచ్చిందో గుర్తు పెట్టుకోండి. వాన లేని పూట, ఆకు ఆరిన తర్వాత, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా కొట్టాలి. మూతికి గుడ్డ, చేతికి తొడుగు తప్పనిసరి. మొగ్గ విచ్చుకున్నాక కొట్టకండి. ఈ పువ్వు అమ్మవారి పాదాల దగ్గరికి వెళ్తుంది, కొత్త పెళ్ళికూతురు జడలోకి వెళ్తుంది, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మందు కొట్టిన పువ్వును మరుసటి రోజే బుట్టలో వేసి బజారుకి పంపడం నాకు మాత్రం మనసొప్పదు.

రాగి మందు ఇంట్లోనే చేసుకోవచ్చు, బోర్డో మిశ్రమం. దీని కథ నాకు చాలా ఇష్టం. ఫ్రాన్సులో బోర్డో దగ్గర ద్రాక్షతోటల వాళ్ళు దారి పక్క తీగల మీద మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, సున్నం కలిపిన నీళ్ళు చల్లేవాళ్ళు. దారినపోయేవాళ్ళు పళ్ళు తెంపకుండా ఉండటానికి. మిలార్డే అనే శాస్త్రవేత్త అటు నడుస్తూ చూశాడు. తోటంతా బూజు తెగులుతో ఆకులు రాలిపోతే, ఈ నీలిరంగు చల్లిన దారి పక్క తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆయన దాని మీద పనిచేసి 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం చల్లింది తెగులుకి మందయింది. ఆయన చేసిందల్లా ఆకు వైపు ఆగి చూడటమే.

చేసే పద్ధతి చెబుతాను. పది లీటర్లకి మైలుతుత్తం వంద గ్రాములు, కొత్త సున్నం వంద గ్రాములు. ఐదు లీటర్ల నీళ్ళలో మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, ఇంకో ఐదు లీటర్లలో సున్నం వేరే బకెట్లో. ఇనుప బకెట్ వద్దు, రాగి దాన్ని తినేస్తుంది. మైలుతుత్తం గడ్డలు రాత్రే నానబెడితే పొద్దుటికి కరుగుతాయి. సున్నం వడగట్టాలి, లేకపోతే పంపు నాజిల్ మూసుకుపోతుంది. తర్వాత మైలుతుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలోకి నెమ్మదిగా పోస్తూ కర్రతో కలపాలి. ఆకాశనీలం రంగు వస్తుంది. అందులో శుభ్రంగా రుద్దిన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగిపూత కనిపిస్తే సున్నం చాల్లేదన్నమాట, మొక్క మాడిపోతుంది. ఇంకొంచెం సున్నం నీళ్ళు పోసి మళ్ళీ ముంచండి. కత్తి తెల్లగా వచ్చేదాకా. చేసిన రోజే వాడేయాలి, మర్నాటికి పనికిరాదు. పువ్వు మీద నీలి మరకలు పడతాయి కాబట్టి పూత ముందే కొట్టాలి. గులాబీ కొమ్మ పై నుంచి ఎండుతూ వస్తుంటే పచ్చటి భాగంలో రెండంగుళాల కిందికి కోసి, కోతకి ఇదే ముద్దగా చేసి పూయండి.

కానీ మందు కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. నా మాటల్లో మీరు ఒక్కటే గుర్తు పెట్టుకునేట్టయితే అదే పెట్టుకోండి. రాలిన పువ్వునీ ఆకునీ మొక్క కింద వదలొద్దు.

తేయాకు మొక్కకి చుట్టమైన పూలమొక్క కెమీలియా అని ఉంది. జపానులో, అమెరికాలో దాన్ని ప్రాణంగా పెంచుకుంటారు. దానికి రేకమాడు తెగులు ఉంది. 1919లో జపానులో దాని గురించి మొదట రాశారు, 1938లో అమెరికాలో కాలిఫోర్నియా చేరింది. ఆ తెగులు పువ్వుని తప్ప ఆకుని ముట్టదు. మచ్చపడ్డ పువ్వు కిందపడి, ఆ ఎండిన పువ్వు మొదట్లో నల్లటి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మట్టిలో నిద్రపోయి, తర్వాతి పూల కాలానికి చిన్న పుట్టగొడుగు లాంటిది పైకి పంపి, మళ్ళీ బీజాలు గాల్లోకి వదులుతుంది. అందుకే అక్కడి తోటమాలులు రోజూ వంగి రాలిన ప్రతి పువ్వునీ ఏరతారు. చెట్టు మీద మందు కొట్టడం కన్నా నేల మీద పువ్వు ఏరడమే వాళ్ళ అసలు పని.

మన బంతి సంగతీ అంతే. వలయాల మచ్చ కిందపడ్డ ఆకులోనే తర్వాతి పంటదాకా కాచుకుని కూర్చుంటుంది. పైగా మనకి ఇంకో అలవాటు ఉంది. గుమ్మానికి కట్టిన దండ ఎండాక ఆ పువ్వుల్నే నలిపి విత్తనంగా చల్లుతాం. మా అమ్మా అలాగే చేసేది, నేనూ చేశాను. ఆ దండలో మచ్చపడ్డ పువ్వు ఉంటే తెగులు విత్తనంతో పాటే మడిలోకి వస్తుంది. కాబట్టి విత్తనానికి మంచి మొక్క మీద రెండు మంచి పువ్వులు ముందే ఎంచి, దారం కట్టి, కోయకుండా మొక్క మీదే ఎండనివ్వండి. నాటేటప్పుడు మొక్కకీ మొక్కకీ అడుగున్నర దూరం ఉంచండి, గాలి ఆడాలి. నీళ్ళు సాయంత్రం తల మీద పోయకండి, పొద్దున్నే మొదట్లో పోయండి.

మట్టిలో ఉన్న బూజుకి మట్టిలోనే శత్రువు ఉంది, ట్రైకోడెర్మా. అదీ ఒక బూజే, ఇతర బూజుల్ని తినే బూజు. 90 కేజీల చివికిన పశువుల ఎరువు, 10 కేజీల వేపపిండి, 2 కేజీల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పదిరోజులు గోనెసంచి కప్పి ఉంచితే తెల్లగా పాకుతుంది. అప్పుడు మడిలో వేసుకోవాలి. ఇది ఎకరానికి లెక్క. పెరటి వాళ్ళు అందులో పదోవంతు చేసుకున్నా చాలు.

ఇక మీరు అడగండి.

(మల్లెతోట ఉన్న ఒక తల్లి: "మాస్టారూ, మల్లెమొగ్గలు ఎర్రగా తిరిగి రాలిపోతున్నాయండి. బూజుమందు రెండుసార్లు కొట్టాం. ఏటి చెయ్యాలి?")

ఎర్రగానా, వంగపండు రంగుగానా తల్లీ? ... సరే. ఆ మొగ్గను గోటితో చీల్చి చూశావా? చూడలేదు కదా. రేపు పొద్దున్న చీల్చు. మొగ్గ మొదట్లో సన్నటి తెల్ల పురుగులు కదులుతుంటాయి. అది దోమలాంటి చిన్న ఈగ పెట్టే పిల్ల, మొగ్గ ఈగ. బూజుమందుకి అది చావదు. రంగు మారిన మొగ్గలన్నీ ఏరి, రాలినవి కూడా ఏరి కాల్చెయ్యి. ఆ పురుగు నేలలోకి దిగి అక్కడే గూడు కడుతుంది, అందుకని మొదళ్ళ దగ్గర మట్టి తిరగేస్తుండాలి. ముందు ఇది వారం చెయ్యి, తర్వాత మా ఇంటికి వచ్చి చెప్పు.

(ఒక కుర్రాడు: "కనకాంబరాలు ఒక్కొక్కటే వాడిపోతున్నాయి సార్. పక్కపక్కన కాదు, అక్కడొకటి ఇక్కడొకటి.")

పీకి వేరు చూడు నాయనా. కనకాంబరానికి వేళ్ళలో కంటికి కనిపించని నులిపురుగులు పడతాయి. అవి చేసిన గాయాల్లోంచి ఫ్యుజేరియం అనే బూజు దూరుతుంది. ఇద్దరు దొంగలు కలిసి వచ్చినట్టు. ఒక్క బూజుమందు పోస్తే లాభం లేదు. ఆ మడిలో ఈసారి బంతి వెయ్యి. బంతి వేరులోంచి వచ్చే పదార్థం నులిపురుగుల్ని తగ్గిస్తుంది. ఒక పంట బంతి తీసి, ట్రైకోడెర్మా ఎరువు వేసి, అప్పుడు కనకాంబరానికి రా.

(ఒక పెద్దావిడ: "రాలినవి ఏరమన్నావు బాబూ, బాగుంది. మరి దేవుడికి పెట్టిన పువ్వులు ఎవరూ తొక్కకూడదని మేం చెట్టు మొదట్లోనే వేస్తాం కదా. నిర్మాల్యం ఎక్కడ వెయ్యాలి?")

అమ్మా, మీరు అడిగింది మంచి మాట. నిజానికి ఇది నేనే చెప్పాల్సింది. పెరట్లో పూలమొక్కలకి దూరంగా, ఎవరూ నడవని మూల ఒక గొయ్యి తవ్వించండి. మూడడుగుల లోతు చాలు. రోజూ నిర్మాల్యం అందులో వేసి పైన గుప్పెడు మట్టి, వారానికొకసారి పేడనీళ్ళు. నిండాక మూసేసి పక్కన ఇంకొకటి. లోపల కుళ్ళేటప్పుడు బూజు చాలావరకు చస్తుంది, ఆరు నెలలకి ఎరువు అవుతుంది. ఎవరి కాలూ తగలదు. మా ఇంట్లో ఆ గొయ్యి చుట్టూ మా ఆవిడ ముగ్గు కూడా వేస్తుంది. ఆ ఎరువు మళ్ళీ ఆ దేవుడి పువ్వులకే వేస్తాం.

చాలా పొద్దుపోయింది. ఇందాకటి బంతి ఆకు ఎవరి దగ్గరుంది? ఆ, ఇలా పంపండమ్మా. కింద పడేయకండి. ఈ కవరులో వేస్తున్నాను, తడి కాగితం పెట్టాను. ముడి వేసి గ్రంథాలయం కిటికీ దగ్గర నీడలో ఉంచుతాను. మంగళవారం సాయంత్రం విప్పుతాను. వీలున్నవాళ్ళు రండి, మీ పెరట్లోంచి కూడా ఒక్కో ఆకు తెచ్చుకోండి.